నాన్న రాయి, నాన్న సైకిల్: చీమకుర్తి రోడ్డులోని రాతిపని షెడ్డు గురించి

ఒంగోలు నుంచి చీమకుర్తి వెళ్ళే రోడ్డు పక్కన గ్రానైట్ పలకలు నిలబెట్టిన షెడ్లు వరసగా ఉంటాయి. వాటిలో రేకుల కింద నడిచే ఒక చిన్న షెడ్డు గురించి ఇది రాస్తున్నాను. దానికి బోర్డు లేదు, చుట్టుపక్కల వాళ్ళంతా ఆచారి గారి షెడ్డు అంటారు. అక్కడ ఆయన, ఆయన అల్లుడు, ఇద్దరు కుర్రాళ్ళు పని చేస్తారు. గుమ్మాలకు, వంటగట్లకు రాళ్ళు కోయడం వాళ్ళ రోజువారీ పని. ఎవరైనా అడిగితే సమాధి రాళ్ళు, శిలాఫలకాలు కూడా చెక్కిస్తారు. మా నాన్న కోసం నేను అక్కడ ఒక రాయి చేయించాను. దాని పక్కన పెట్టడానికి నాన్న సైకిల్‌కి తెల్లరంగు వేయించిన పనిలోనూ ఆచారి గారి అల్లుడి చెయ్యి ఉంది. పని ఎలా జరిగింది, ఎంతయింది, ఎక్కడ తేడా వచ్చింది అన్నీ చెబుతాను. ఇలాంటి అవసరం పడ్డవాళ్ళకు అడగడానికి మనుషులు దొరకరని నాకు అనుభవమైంది.

2023 ఫిబ్రవరి 11 తెల్లవారుజామున నాన్న టంగుటూరు దాటాక హైవే అంచున సైకిల్ మీద ఇంటికి వస్తున్నారు. వెనక నుంచి ఒక కారు గుద్దింది. ఆగలేదు. ఆయన పొగాకు బ్యారన్‌లో, అంటే పచ్చి ఆకును వేడితో ఆరబెట్టే గదిలో, రాత్రి కాపలా ఉండేవారు. ఆకు ఎక్కించాక ఐదారు రోజులు పొయ్యి ఆరకూడదు, వేడి ఏ పూటకు ఎంత ఉండాలో అంతే ఉండాలి. ఆకు రంగు దాన్నిబట్టే, వేలంలో ధర ఆ రంగును బట్టే. అందుకని రాత్రంతా కట్టెలు ఎగదోసి, తెల్లారి ఇంకొకరికి అప్పజెప్పి బయల్దేరేవారు. ఆ రోజు మంచు పట్టింది. కారు ఇప్పటిదాకా దొరకలేదు.

ఈ ఒక్క విషయం ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే మా ఊళ్ళో ఇది ఎవరికీ తెలియదు. గుద్దిన బండి దొరకకపోయినా, మనిషి చనిపోతే కుటుంబానికి 2 లక్షల రూపాయల పరిహారం వస్తుంది. 2022 ఏప్రిల్ 1 నుంచి అంతే, అంతకుముందు 25 వేలు ఉండేది. ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం కాగితాలతో ఆర్డీవో దగ్గర దరఖాస్తు పెట్టుకోవాలి, మంజూరు చేసేది కలెక్టర్. మా అమ్మకు వచ్చింది. ఏడాదిన్నర పాటు ఆమె ఆ డబ్బు ముట్టుకోలేదు. ముట్టుకున్న మొదటి ఖర్చు ఈ రాయే.

రాయి ఆలోచన అమ్మది, సైకిల్ ఆలోచన తమ్ముడిది. వాడు డాలస్‌లో ఉంటాడు. నాన్న పోయిన ఏడాది మే నెలలో ఒక ఫొటో పంపాడు. రోడ్డు పక్కన స్తంభానికి కట్టేసిన సైకిల్, టైర్లూ సీటూ హ్యాండిలూ మొత్తం తెల్లరంగు. బండ్లు గుద్ది సైకిల్ మీద వెళ్ళేవాళ్ళు చనిపోయిన చోట అక్కడ ఇలా పెడతారట. 2003లో సెయింట్ లూయిస్ నగరంలో మొదలై చాలా దేశాలకు పాకింది. డాలస్‌లో అదే ఏడాది ఇంకొకటి మొదలైంది. స్కూలు బస్సు అద్దం తగిలి చనిపోయిన ఒక సైక్లిస్టు కోసం ఆయన తోటివాళ్ళు ఒక సాయంత్రం మాట లేకుండా, మెల్లగా, గుంపుగా సైకిళ్ళు తొక్కారు. ఇప్పటికీ ఏటా మే మూడో బుధవారం చాలా ఊళ్ళలో తొక్కుతున్నారు. తమ్ముడు చేతికి నల్లపట్టీ కట్టుకుని వెళ్ళాడు. పక్కన తొక్కేవాళ్ళెవరికీ వాడి నాన్న ఎవరో తెలియదు, అయినా ఆ గంటసేపు నాన్నతో వెళ్ళినట్టే ఉందక్కా అన్నాడు.

ఆ తెల్ల సైకిళ్ళను వాళ్ళు గోస్ట్ బైక్ అంటారు. నేను అమ్మకు దెయ్యం సైకిల్ అని చెప్పాను. అమ్మ కోప్పడింది. "మీ నాన్నని పట్టుకుని దెయ్యం అంటావేంటే. తెల్ల సైకిల్ అను." మా ఇంట్లో అప్పటి నుంచి అది తెల్ల సైకిల్.

మేము మొదట వెళ్ళింది ఆచారి గారి దగ్గరికి కాదు. ఇంకోచోట గెలాక్సీ రాయి మీద నాన్న ఫొటో వేయించాం. చీమకుర్తి గెలాక్సీ అంటే ప్రపంచమంతా కొనుక్కుపోయే రాయి, మన ఊరి రాయి మీదే ఉండాలని నాకే పట్టుదల. తీరా చూస్తే నల్లరాయిలో మెరిసే బంగారు చుక్కలన్నీ నాన్న మొహం మీద పడ్డాయి. అమ్మ చేత్తో తడిమి, "ఏంటే ఈ మచ్చలు, అమ్మవారు పోసినట్టు" అంది. అక్కడి మనిషి రాయి గుణం అంతేనన్నాడు, డబ్బు వెనక్కి ఇవ్వలేదు. ఆ పలక మా పెరట్లో బోర్లా పడి ఉంది.

ఆచారి గారి షెడ్డుకి వెళ్ళి గెలాక్సీ వద్దు అని చెప్పేలోపే ఆయన అడిగిన మొదటి మాట "స్థలం ఎవరిదమ్మా?"

నాకు అర్థం కాలేదు. నాన్న పడిపోయిన చోటే పెడతామన్నాను. ఆయన పని పక్కన పెట్టి, స్టూలు తెప్పించి కూర్చోబెట్టారు. హైవే అంచు హైవే వాళ్ళది. రోడ్ల మీద, ఫుట్‌పాత్‌ల మీద విగ్రహాలకు, కట్టడాలకు అనుమతి ఇవ్వొద్దని 2013 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడ పెడితే ఎప్పుడో ఒకరోజు పొక్లెయిన్ వచ్చి తీసేస్తుంది. "అప్పుడు మీ అమ్మ రెండోసారి ఏడవాలి. ముందు పొలం వాళ్ళని అడగండి, తరవాత నా దగ్గరికి రండి" అన్నారు. పని చెబుదామని వచ్చిన మనిషిని ఖాళీగా తిప్పి పంపారు. ఆయన మీద నాకు నమ్మకం కుదిరింది అప్పుడే.

హైవే హద్దురాయి దాటాక సుబాబుల్ తోట ఉంది. అది మాకు వరసకు బాబాయ్ అయ్యే ఆయనది. వెళ్ళి అడిగితే "గట్టు మీద కావలసినంత తీసుకో అమ్మాయ్, మీ నాన్న ఆ గట్టు మీద ఎన్నిసార్లు బీడీ కాల్చుకున్నాడో" అన్నారు. నాన్న పడిన చోటికి పదిహేను అడుగుల దూరం. తెల్లకాగితం మీద సంతకం కూడా ఆయనే పెట్టిచ్చారు, రేపు పిల్లలు కాదనకుండా.

ఇక రాయి. చుక్కలు లేని మామూలు నల్ల గ్రానైట్, 3 అడుగులు, 2 అడుగులు. ఫొటోకి ఆధార్ కార్డు ఇచ్చాను, నాన్నవి విడిగా ఫొటోలు లేవు. ఆచారి గారు తీసుకోలేదు. "ఈ మొహంతో మనిషిని ఎవరూ గుర్తుపట్టరు, ఇంట్లో పెళ్ళి ఫొటోలు వెతకండి" అన్నారు. నా పెళ్ళి ఆల్బమ్‌లో, వంటశాల దగ్గర ఎవరితోనో మాట్లాడుతూ పక్కకు చూస్తున్న నాన్న దొరికారు. మొహంలో సగం నవ్వు. ఆ ఫొటోని ఒంగోలులో మెషిన్ ఉన్నచోటికి పంపి రాయి మీదికి ఎక్కించారు. నల్లటి నునుపు మీద సన్నటి తెల్లచుక్కలతో వచ్చింది. నుదుటి మీద గీతలు కూడా ఉన్నాయి. ఆచారి గారు గోనెపట్టా తీసి చూపించినప్పుడు అమ్మ ఏమీ అనలేదు. కొంగుతో రాయి మీద దుమ్ము తుడిచింది.

ఈ షెడ్డులో నాకు అన్నిటికన్నా నచ్చింది మాటల దగ్గర వాళ్ళు పెట్టిన శ్రద్ధ. అందరూ వేయించుకునే మాటలు ఆయన దగ్గర తయారుగా ఉన్నాయి. స్వర్గీయ అని పేరు, జననం, మరణం, కింద మీ జ్ఞాపకాలతో అని కుటుంబసభ్యులు. నేను ఒప్పుకోలేదు. మా నాన్న జ్వరమొచ్చి పోలేదు. "రోడ్డు ప్రమాదంలో మరణించారు" అని వేద్దామా అని అల్లుడు అడిగాడు. అది కూడా వద్దన్నాను. ఆ మాటలో కారు లేదు, ఆగకుండా వెళ్ళిపోయిన మనిషి లేడు. రోడ్డే చంపినట్టు ఉంటుంది. పిల్లలకు వ్యాకరణం చెప్పేదాన్ని కాబట్టి అంటున్నాననుకోకండి, వాక్యంలో కర్త ఉండాలి కదా.

ఆచారి గారు చాలాసేపు ఆలోచించి, "ఎవరి పేరూ, ఎవరి బండి నంబరూ రాయొద్దు. తేలనిది రాతి మీద ఎక్కకూడదు. జరిగింది జరిగినట్టు చెప్పండి" అన్నారు. నేను స్కూలు నోట్‌బుక్‌లో ఆరేడుసార్లు రాసి కొట్టేశాక నిలిచింది ఇది:

2023 ఫిబ్రవరి 11 తెల్లవారుజామున
బ్యారన్ నుంచి ఇంటికి వస్తూ
సైకిల్ మీద ఉన్న మా నాన్నను
ఇక్కడ ఒక కారు ఢీకొట్టి ఆగకుండా వెళ్ళిపోయింది.
ఆయన వయసు 61.

పైన పేరు. మొత్తం 78 అక్షరాలు. అక్షరానికి 20 రూపాయలు తీసుకుంటారు. ఒత్తులకు, గుణింతాలకు విడిగా లెక్కలేదు, ళ్ళి అయినా ఒకటే, క అయినా ఒకటే. ఇంకోచోట ఒత్తుకి కూడా డబ్బు అడిగారు.

చెక్కే ముందు అసలు సైజులో కాగితం మీద అచ్చు వేసి చూపించారు. నేను, అమ్మ, నాతో వచ్చిన టీచర్ ముగ్గురం చదివి బాగుందన్నాం. ఆచారి గారు కళ్ళద్దాలు పైకి జరిపి చూసి, "ఢీ కింద ఒత్తు ఎగిరిపోయింది, డీ అని పడింది" అన్నారు. కంప్యూటర్ ఫాంటులో పోయిందట. మెషిన్ గాలితో ఇసుక కొట్టి చెక్కాక ఒత్తుల తోకలు సన్నగా ఉన్నచోట ఉలితో ఆయనే లోతు చేశారు. సన్నగా వదిలేస్తే పదేళ్ళకు దుమ్ము నిండి ఒత్తు కనపడదు, మాట మారిపోతుంది అన్నారు. వేలు పెట్టి తడిమితే ఆ తేడా తెలుస్తుంది.

రాయి ఎటు చూడాలన్న దాని మీద మాకు పెద్ద చర్చే జరిగింది. నాకు రోడ్డు వైపు చూడాలని. కార్లవాళ్ళు చదవాలి కదా. ఆయన నన్ను హైవే దగ్గర నిలబడి చూసి రమ్మన్నారు. నేను లెక్క వేసుకున్నాను, 80 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే కారు సెకనుకి 22 మీటర్లు పోతుంది. రెండంగుళాల అక్షరాలను ఆ కారులో ఎవరూ చదవలేరు. పైగా నున్నటి నల్లరాయి మీద రాత్రి హెడ్‌లైట్లు పడితే అద్దంలా కొట్టి, ఎదురొచ్చే సైకిల్ వాడి కళ్ళు, బండివాడి కళ్ళు రెండూ చెదురుతాయి. "మీ నాన్న రాయి వల్ల ఇంకొకళ్ళు పడకూడదు" అని ఆచారి గారు అన్నాక నేను మాట్లాడలేదు. రాయిని తోటవైపు, పొలాలకు వెళ్ళే డొంక వైపు తిప్పాం. అక్కడ నడిచేవాళ్ళు, ఆగేవాళ్ళు ఉంటారు. రోడ్డు వైపు సైకిల్ పెట్టాం. దాన్ని చదవాల్సిన పని లేదు.

అది నాన్న తొక్కిన సైకిలే. అట్లాస్. కేసు తాలూకు సామానుగా ఉండి ఉండి చివరికి మా చేతికి వచ్చింది. వెనక చక్రం ఎనిమిది అంకెలా వంకర పోయింది. ఆ కంపెనీ సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం రోజే మూతపడిందని పేపర్లో వస్తే నాన్న చదివించుకుని, "ఇక దీని స్పేర్లు దొరకవేమో" అని బెంగపడ్డారు. ఆ చక్రం సరిచేస్తానని సైకిల్ మెకానిక్ అన్నాడు. అమ్మ వద్దంది. అలాగే ఉంచాం. తమ్ముడు చెప్పినట్టు చైను, బ్రేకు వైర్లు తీసేశాం, తొక్కడానికి పనికి రాకపోతే ఎవరూ ఎత్తుకుపోరని. బెల్లు అమ్మ విప్పించుకుని ఇంట్లో పెట్టుకుంది. క్యారియర్‌కి నాన్న కట్టుకునే రబ్బరు ట్యూబు అలాగే ఉంచి దాని మీద కూడా తెల్లరంగు వేయించాం.

రంగు విషయంలో ముందు తప్పు మాదే. మెకానిక్ చేత నేరుగా ఎనామిల్ కొట్టించేశాం. మా ఊరికి సముద్రం దగ్గర. మూడు నెలలు తిరక్కుండా రిమ్ముల మీద పెచ్చులు లేచి కింద నుంచి తుప్పు కనపడింది. మెరుగు పూత ఉన్న ఇనుము మీద రంగు పట్టదని ఆచారి గారి అల్లుడు చెప్పాడు. మొత్తం ఎమరీ పేపర్‌తో గరుకు చేసి, ప్రైమర్ కొట్టి, ఆరాక రెండు పూతలు వేయాలి. తనే ఒక ఆదివారం వచ్చి మెకానిక్ పక్కన నిలబడి చేయించాడు. రంగుకి, కూలికి కలిపి 1,400 అయింది, అతను ఏమీ తీసుకోలేదు. చక్రాల చుట్టూ, ఫ్రేము మీద రేడియం స్టిక్కర్ అంటించమన్నది కూడా అతనే. ఇప్పుడు రాత్రి లైటు పడగానే రెండు గుండ్రాలు వెలుగుతాయి, ఒకటి వంకరగా.

రాయి ఖర్చు: పలక పాలిష్‌తో 6,000, ఫొటో 3,000, అక్షరాలు 1,560, తెచ్చి నిలబెట్టడం 2,500. మొత్తం 13,060. 13 వేలు తీసుకున్నారు. రసీదు ఇవ్వరు, నోట్‌బుక్‌లో రాసి సంతకం పెట్టి ఫొటో తీసుకోమంటారు. ఇది మార్చుకోవాలి.

ఇంకా రెండు లోపాలు చెప్పాలి. ఫిబ్రవరి 11కి నిలబెడదామని నెల ముందు చెప్పాం, 20న తెచ్చారు. ఇళ్ళ పనులు మీద పడ్డాయన్నారు. ఆ తొమ్మిది రోజులు అమ్మ రోజూ "ఫోన్ చేశావా" అని అడిగేది. ఆ టెన్షన్ ఆ ఇంటివాళ్ళకే తెలుస్తుంది. తేదీ చెప్పి చేయించుకునే పని అయితే రెండు నెలల ముందే వెళ్ళండి.

రెండోది పెద్దది. అడుగు లోతు గుంట తీసి కాంక్రీటు పోసి నిలబెట్టారు. మాది నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు చెయ్యి దూరేంత బీటలు పడుతుంది. మే నెలలో వెళ్ళి చూస్తే రాయి నాలుగు వేళ్ళు ముందుకు ఒరిగి ఉంది. నాన్న కిందికి చూస్తున్నట్టు అనిపించి నేను అక్కడే ఏడ్చేశాను. ఫొటో తీసి పంపితే ఆచారి గారు మూడో రోజు వచ్చారు, ఆటోలో ఇద్దరు కుర్రాళ్ళతో. బీటలో కర్ర పెట్టి లోతు చూసుకుని, "ఇది నా తప్పే, నేల చూడకుండా గుంట తీయించాను" అన్నారు. ఈసారి మూడడుగులు తవ్వించారు. నల్లమన్ను బయట పోసి, అడుగున ఇసుక, కంకర వేసి దిమ్మిస కొట్టించి, వెడల్పు దిమ్మె పోసి దాని మీద నిలబెట్టారు. నీళ్ళు నిలవకుండా దిమ్మె చుట్టూ వాలు పెట్టారు. మధ్యాహ్నం మా ఇంట్లో అన్నం తిన్నారు గానీ డబ్బు తీసుకోలేదు. ఆ తరవాత ఒక వానాకాలం పూర్తిగా గడిచింది, రాయి కదల్లేదు. రేగడి నేలలో పెట్టేవాళ్ళు ఎవరి చేత చేయించినా ఈ గుంట సంగతి ముందే అడగండి.

చూసుకోవడం గురించి: దీపం నూనె రాయి మీద పడితే మరక లోపలికి ఇంకుతుంది, పోదు. మేము దీపం పక్కన ఇటుక మీద పెడుతున్నాం. పసుపు, కుంకుమ కూడా ఫొటో మీద వద్దని చుట్టాలకు నచ్చజెప్పడానికి నాకు చాలా ఓపిక పట్టింది. యాసిడ్‌తో కడగొద్దన్నారు, మంచినీళ్ళు, మెత్తటి గుడ్డ చాలు.

దీని వల్ల కార్లు నెమ్మదిస్తున్నాయా అని తమ్ముడు ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతాడు. అవునని నేను చెప్పలేను. నాకు కనపడేవి చెబుతున్నాను. బ్యారన్‌కి వెళ్ళే కూలీలు అక్కడికి రాగానే సైకిళ్ళు దిగి గట్టు మీదుగా నడిపించుకు వెళ్తున్నారు. ఒక లారీ క్లీనర్ ఆపించి వచ్చి, రాయి అవతలి వైపుకి వెళ్ళి పైకి చదివి, ఏమీ మాట్లాడకుండా ఎక్కి పోయాడట, బాబాయ్ చూశారు. మా స్కూల్లో అయిదో తరగతి పిల్లాడు వాళ్ళ నాన్న సైకిల్ మడ్‌గార్డుకి అంటించడానికి నన్ను రేడియం ముక్క అడిగాడు. నేను చుట్ట మొత్తం కొని తరగతిలో పంచాను.

పోయిన నెల మా పక్క మండలం నుంచి ఒకాయన ఈ రాయి చూసి, బాబాయ్‌ని అడిగి మా ఇంటికి వచ్చారు. కాలేజీకి సైకిల్ మీద వెళ్తూ కొడుకు పోయాడు. నేనే ఆయన్ని వెంటబెట్టుకుని షెడ్డుకి తీసుకెళ్ళాను. పలక ఇప్పుడు 6,500 చేశారు, అక్షరం మాత్రం ఇరవయ్యే. ఆయన జేబులోంచి హాల్‌టికెట్ తీసి ఫొటో చూపించబోయారు. ఆచారి గారు అది చేతిలోకి తీసుకుని, చూసి, తిరిగి ఇచ్చేసి, స్టూలు తెమ్మని కుర్రాడికి చెప్పారు. ఆయన కూర్చున్నాక అడిగారు, "స్థలం ఎవరిదయ్యా?"